ఏడు గంటల ఊఁ

ఆ పొద్దున రాజోలు లాకుల దగ్గర పదకొండు మంది మాట్లాడుతున్నారు, వింటున్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఎవరికీ లోటు లేదు. గట్టు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న సూరాలు, తన తోడికోడలు పేరంటానికి వచ్చి ఎవరినీ పలకరించకుండా పోయిన వైనం చెబుతోంది. పడవ సరంగు తన మోకాలి నొప్పి గురించి, అది మొదలైన రోజు నుంచీ ఒక్క పూట వదలకుండా చెప్పుకొస్తున్నాడు. టీకొట్టు పేర్రాజు పాలు పొంగించుకుంటూ తాను తప్పిన పరీక్షల సంగతి చెబుతున్నాడు. ఎవరి చెవి వెనక వాళ్ళకి శనగగింజంత యంత్రం ఒకటి అతుక్కుని ఉంది. అది ఊఁ అనవలసిన చోట ఊఁ అంటోంది. సాగదీయవలసిన చోట సాగదీస్తోంది. తోడికోడళ్ళ విషయం వచ్చినప్పుడు "హవ్వ" అని కూడా అంటోంది.

దాని పేరు ఊకొట్టు. మొదట్లో దాన్ని ఒంటరి ముసలివాళ్ళ కోసం చేశారు. ముసలివాళ్ళు హాయిగా ఉండటం చూసి పడుచువాళ్ళకి కన్ను కుట్టింది. పదేళ్ళు తిరిగేసరికి ఊకొట్టు లేని చెవి దేశంలో కనపడలేదు. అటు తర్వాత కంపెనీవాళ్ళు దానికి ఇంకో విద్య నేర్పారు. దాన్ని 'బదులు' అన్నారు. దూరాన్నుంచి ఎవరో మీతో మాట్లాడుతున్నారు, మీకేమో పనుంది. చెవి వెనక ఒకసారి నొక్కితే చాలు, మీ గొంతుతో, మీ వరసలో, మీకు దగ్గుంటే ఆ దగ్గుతో సహా అదే ఊఁ కొడుతుంది. అవతలివాళ్ళకి తెలియదు. తెలియకపోవడమే అందులో గొప్ప. మొగుడూ పెళ్ళాల తగాదాలు సగానికి సగం తగ్గాయనీ, కొన్ని జిల్లాల్లో అత్తాకోడళ్ళు ఒకళ్ళని ఒకళ్ళు మెచ్చుకోవడం కూడా మొదలుపెట్టారనీ చెప్పుకునేవారు. ఆ రెండో మాట మాత్రం నమ్మేలా లేదు.

ఈ ఊకొట్టుని ముప్పుతిప్పలు పెట్టినవాడు దేశం మొత్తం మీద ఒక్కడే. రాజోలు లాకు కాపరి గుబ్బల అబ్బులు.

అబ్బులుకి అరవై నాలుగేళ్ళు. లాకు తలుపులు వాటంతట అవే తెరుచుకునే రోజులు గనక అతనికి చేసే పనేమీ లేదు. ఉన్న పనల్లా కోతలు కొయ్యడం. నలభై ఏళ్ళుగా కోస్తున్నాడు. ఊకొట్టుకి ఒక నియమం ఉండేది. మాటల్లో ఆపద వినపడితే అది వెంటనే యజమాని చెవి గిల్లి, ఆసుపత్రికీ పోలీసులకీ కేక పంపాలి. అబ్బులు ఒకరోజు పేర్రాజుతో, లాకు గదిలో మొసలి తన కాలు పట్టుకుందనీ, పట్టు ఇంకా వదల్లేదనీ చెబుతుండగా ఆసుపత్రి పడవ కూత వేసుకుంటూ వచ్చేసింది. ఇంకోరోజు తుపానుకి తన ఇల్లు ఎగిరి యానాం మీదుగా పోతోందని చెబితే అగ్నిమాపకం వాళ్ళు వచ్చారు. మూడోసారి తప్పు అతనిది కాదు, అతని కూతురు తాయారుది. హాస్టల్ నుంచి మాట్లాడుతూ, వార్డెన్‌ని కొండచిలువ మింగిందనీ, చెప్పులు మాత్రం ఉమ్మేసిందనీ తండ్రికి చెప్పింది. పావుగంటలో హాస్టల్ చుట్టూ పోలీసులు నిలబడ్డారు.

ఊకొట్టు కచేరీ నుంచి ఒక పిల్ల వచ్చి అబ్బులు ఎదట కూర్చుంది.

"తాతగారూ, మీరు నిజం చెప్పేటప్పుడు ఏమంటారో చెప్పండి. అది గుర్తు పెట్టిస్తాను."

"ఇది కోత కాదు, ఒట్టు... అంటానమ్మా."

ఆ పిల్ల పాత సంభాషణలన్నీ తిరగేసింది. తిరగేసి, తల పట్టుకుంది. "ఆ మాట మీరు నాలుగొందల సార్లు అన్నారు. నాలుగొందల సార్లూ కోతే."

"మరి కోతకి బలం ఒట్టే కదా!"

"మీ అమ్మాయీ అంతే. మీ ఇద్దరి గొంతులకీ అమరిక మార్చేస్తున్నాను. మీ ఇద్దరి మధ్యా మాటలకి ఇక కేక పోదు. ఒట్టు వేస్తే అసలు పోదు. మునిగిపోతున్నారనుకోండి, ఈత కొట్టుకోండి."

అబ్బులు ఈ సంగతి బిరుదొచ్చినట్టు ఊరంతా చెప్పుకున్నాడు. తాయారు పగలబడి నవ్వింది.

తాయారుకి ఇప్పుడు ఇరవై ఆరు. తల్లి పోయేనాటికి తొమ్మిదేళ్ళది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇద్దరే, ఒకరు చెప్పడం, ఒకరు ఊఁ కొట్టడం. ఆ ఇంటికో కట్టుబాటు ఉండేది. చెప్పేవాళ్ళు చెబుతున్నంతసేపూ వినేవాళ్ళు ఊఁ తప్ప ఇంకో మాట అనకూడదు. అంటే ఆ పూటకి కథ బంద్. మధ్యలో ప్రశ్నలడిగితే కోత విరిగిపోతుందని అబ్బులు భయం.

తాయారు చదువు ముగించి, హిమాలయాల్లో మంచు కొలిచే ఉద్యోగానికి పోయింది. అక్కడ స్కీయింగ్ నేర్చుకుంది. పాదాలకి రెండు పొడుగాటి బద్దలు కట్టుకుని మంచు మీద జారడం. అబ్బులుకి ఇది కొత్త కాదు. తాను కుర్రతనంలో రెండు కొబ్బరి మట్టలు కాళ్ళకి కట్టుకుని హిమాలయం మీంచి జారి, ఆ ఊపుకి హరిద్వారంలో ఆగలేక కాశీలో ఆగానని అతను కూతురికి ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు.

"నీ కోతని నేను నిజం చేస్తాను నాన్నా," అంది తాయారు ఆ శీతాకాలం. "ఒక్కదాన్నే. ఏడు రోజులు. గుడారం వీపున వేసుకుని బర్షుల్ కనుమ ఈ పక్క ఎక్కి ఆ పక్క దిగుతాను."

"కాశీ దాకా వత్తావా?"

"విడిది దాకా వస్తాను. అక్కడ టీ ఇస్తారు."

చలికాలంలో ఆ కనుమకి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఒక షరతు ఉంది. రక్తసంబంధీకులు ఒకరు 'వినికిడి పూచీ' పడాలి. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా తమ చెవితో తాము వినాలి. ఆ కొండ మీద ఊకొట్టు ఆ ఒక్క చెవికే కలుస్తుంది గనక, ఏదైనా అయితే వాళ్ళే కేక పంపాలి. ఆ వేళల్లో బదులు పెట్టకూడదు. అబ్బులు ఆ కాగితం మీద మూడు చోట్ల సంతకం పెట్టాడు. రెండు చోట్ల పెడితే చాలన్నారు గాని, ఉత్సాహం ఆగలేదు.

మూడు రోజులు అతను మాట తప్పలేదు. గట్టు మీద కుర్చీ వేసుకుని, అక్కడ ఆమె కర్రలు మంచులో దిగుతున్న చప్పుడు, ఆమె ఊపిరి, ఆమె కబుర్లు వింటూ కూర్చున్నాడు. గుడారం బయట నీళ్ళు పోస్తే నేలకి చేరేలోపే గడ్డకట్టాయని ఆమె అంటే, ఊఁ అన్నాడు. తన తుమ్ము కూడా గడ్డకట్టి ఠంగుమని రాయి మీద పడిందంటే, ఇంకా గట్టిగా ఊఁ అన్నాడు. పేర్రాజు టీ తెచ్చి పక్కన పెడితే చేత్తో సైగ చేసేవాడు తప్ప మాట్లాడేవాడు కాదు.

నాలుగో రోజు తొమ్మిది గంటలకి లాకులోకి ఒక పడవ వచ్చింది.

అందులో హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసు జనం, ఇరవై రెండు మంది. ఆ రోజుల్లో పట్నవాసులకి కొత్త సరదా ఒకటి పుట్టింది, చెవి ఉపవాసమని. నెలకో రోజు ఊకొట్టు తీసి డబ్బాలో పెట్టి, ఉత్త చెవులతో తిరుగుతారు. ఆ ఉత్త చెవులు ఇరవై రెండు జతలు గట్టు మీదికి దిగి అబ్బులు చుట్టూ చేరాయి.

"లాకు తాతగారంటే మీరేనాండీ? కథ చెబుతారట కదా!"

"చెప్పండి తాతగారూ. మేం ఊఁ కొడతాం. మాకు వచ్చు, నేర్చుకున్నాం."

అబ్బులు చెయ్యి చెవి మీదికి పోయింది. తాయారు అప్పుడే గుడారం మడతపెట్టి బయలుదేరింది. ఈ రోజంతా దిగుడే, తేలిక, మధ్యాహ్నానికల్లా అయిదో విడిది చేరతాను అని చెప్పింది.

పదేళ్ళయింది అతని కథకి మనిషి ఊఁ కొట్టి. తాయారు తప్ప. ఊళ్ళో వాళ్ళ దగ్గర అతను మాట్లాడుతుంటే వాళ్ళూ మాట్లాడుతుంటారు, ఎవరి చెవి యంత్రం వాళ్ళకి ఊఁ కొడుతుంటుంది. అతన్ని తిట్టేవాళ్ళు తిట్టవచ్చు. తిట్టేముందు, పాడేవాడికి పదేళ్ళ తర్వాత సభ దొరికితే ఏం చేస్తాడో కూడా ఆలోచించాలి. ఒక్క అరగంటే కదా అనుకున్నాడు. చెవి వెనక నొక్కాడు.

"అయితే కూచోండి. ఇప్పుడు నా కూతురు సంగతి చెప్తాను. ఈ నిమిషాన ఇక్కడ మీరూ నేనూ కబుర్లాడుకుంటున్నామా, అక్కడ హిమాలయం మీద అది ఒక్కత్తే తెల్ల ఎలుగుబంటితో కుస్తీ పడతంది. ఇది కోత కాదు, ఒట్టు!"

"ఊఁ!" అన్నారు ఇరవై రెండు మంది. ఒకరు ముందు, ఒకరు వెనక, ఒకరు నవ్వుతో, ఒకరు తుమ్ముతో. ఆ గందరగోళపు ఊఁ అబ్బులు గుండెలో వెచ్చగా దిగింది.

అప్పటికి తొమ్మిదిన్నర. బర్షుల్ కనుమ మీద ఎండ తెల్లగా ఉంది. తాయారు దేవదారు తోపు దాటి ఎడమ చేతి వాలు దిగుతోంది. మంచు కింద దాక్కున్న రాయి ఒకటి ఆమె ఎడమ బద్దని పట్టుకుంది. ఆమె గాల్లోకి లేచి, రెండు పెద్ద బండల నడుమ సందులో పడింది. పడిన అదురుకి పైన ఉన్న మూడో బండ కదిలి, నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, ఆమె ఎడమ కాలి మీద కూర్చుంది. వీపు సంచి పట్టీ తెగి, గుడారంతో, ఫోనుతో, ఆపద దీపంతో సహా వాలు కిందికి దొర్లుకుంటూ పోయింది.

కొంచెంసేపు ఆమెకి ఏమీ నొప్పి తెలియలేదు. తండ్రి కంగారు మనిషని తెలుసు. అందుకని అలవాటైన దారినే మొదలుపెట్టింది.

"నాన్నా, ఉన్నావా?"

"ఊఁ."

"అయితే విను. ఇక్కడో పెళ్ళికాని బండరాయి ఉంది. వయసు నీకంటే పెద్దదే. నన్ను చూడగానే మనసు పారేసుకుని కాలు పట్టేసుకుంది. ఒరే నాయనా, పెళ్ళిలో అల్లుడి కాళ్ళు మా నాన్న కడుగుతాడు గాని, నువ్వు నా కాలు పట్టుకోవడమేంటి, వదులు అన్నాను. వదలనంటోంది."

"ఊఁ."

"కట్నం కూడా వద్దంటోంది. మంచి సంబంధమే..." కాలు లాగి చూసింది. అప్పుడు తెలిసింది నొప్పి. లోపల ఏదో రెండు ముక్కలై, ఒకదాంతో ఒకటి ఒరుసుకుంది. ఆమె మళ్ళీ మాట్లాడేసరికి గొంతు దారంలా సన్నబడింది.

"నాన్నా, కోత ఆపేస్తున్నాను. కాలు విరిగింది. బండ కింద ఇరుక్కుంది. నాలుగో విడిది దాటాక దేవదారు తోపు, దాని తర్వాత ఎడమ చేతి వాలు. సంచి పోయింది. నువ్వే కేక పంపాలి."

"ఊఁ."

"ఇది కోత కాదు నాన్నా. ఒట్టు."

"ఊఁ..." అని, పొడిగా రెండుసార్లు దగ్గు.

రాజోలులో, అబ్బులు చెవి వెనక, ఊకొట్టు తనకి నేర్పినదాన్ని నేర్పినట్టే చేసింది. అందులో దాని తప్పు ఒక్క పిసరు లేదు. ఒట్టు వినపడింది, కోత అని రాసుకుంది, కథ మంచి పట్టు మీద ఉంది గనక అబ్బులు గొంతుతో ఊఁని కాస్త సాగదీసింది.

తాయారు ఎదురుచూసింది. నాన్న విన్నాడు. కేక పంపేసి ఉంటాడు. మాట్లాడమని రెండుసార్లు అడిగింది, ఊఁ అనే వచ్చింది. ఏడుస్తున్నాడు కాబోలు, మాట పెగలడం లేదు కాబోలు అనుకుంది. ఆ తర్వాత ఇంకోటి తోచింది. కథ మధ్యలో నాన్న మాట్లాడితే కథ ఆగిపోతుంది. కథ ఆగితే నేను నిద్రపోతాను. చలిలో నిద్రపోతే లేవరు. అది తెలిసే నాన్న నోరు నొక్కుకుని ఊఁ కొడుతున్నాడు, నా చేత చెప్పిస్తున్నాడు.

బదులు పెట్టాడేమో అన్న అనుమానం ఒక్కసారి వచ్చింది. ఆ అనుమానాన్ని పక్కన పెట్టుకుని అక్కడ బతకడం కుదరదు. అందుకని తోసేసింది.

ఇక చెబుతూ పోయింది. అతను ఆమెకి చిన్నప్పుడు చెప్పినవన్నీ తిరిగి అతనికి చెప్పింది. మొసలి కథ, ఎగిరిన ఇల్లు, కొబ్బరి మట్టలు, కాశీ. ఒక్కొక్కటి అయిపోగానే ఇంకోటి. పెదవులు మొద్దుబారాక మాటలు ముద్దగా వచ్చాయి. మంచు నోట్లో వేసుకుని కరిగించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కళ్ళు మూతలు పడుతున్నప్పుడల్లా "ఉన్నావా?" అనేది. "ఊఁ" అని వచ్చేది. ఒక్కొక్కసారి దగ్గు వచ్చేది. ఆ దగ్గు విన్నప్పుడల్లా కళ్ళు తెరిచేది.

మధ్యాహ్నం దాటాక చెప్పడానికి కథలు అయిపోయాయి. అప్పుడు ఎప్పుడూ చెప్పనిది చెప్పింది.

"నాన్నా, అమ్మ పోయిన రోజు నువ్వు నాతో ఏం చెప్పావో గుర్తుందా? అమ్మ గోదారి పుట్టినచోటు చూడ్డానికి వెళ్ళింది, అక్కడ నీళ్ళు తియ్యగా ఉన్నాయని ఉండిపోయింది అన్నావు. కోత అని నాకు అప్పుడే తెలుసు. కోతలు కోసేటప్పుడు నీ గొంతు లావుగా ఉంటుంది. ఆ రోజు సన్నగా ఉంది. నువ్వు ఏడవకూడదని ఊఁ కొట్టాను. తొమ్మిదేళ్ళదాన్ని, రాత్రి దాకా ఊఁ కొడుతూనే ఉన్నాను."

"ఊఁ."

అది విని ఆమె పసిపిల్లలా ఏడ్చింది.

అయిదో విడిది చూసుకునే అంగ్మో అనే ఆవిడకి రోజూ వాలు మీదికి దుర్భిణీ పెట్టి చూసే అలవాటు. స్కీ బద్దలు మంచు మీద రెండు గీతలు గీసుకుంటూ వస్తాయి. ఆ రోజు మూడున్నరకి మబ్బు విడగానే చూసింది. రెండు గీతలు దేవదారు తోపులోంచి కిందికి వచ్చాయి. సగం వాలులో ఆగిపోయాయి. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. మంచుబండి బయటికి తీసింది. నాలుగున్నరకి తాయారుని పట్టుకుంది. పట్టుకునేసరికి ఆమె కళ్ళు మూసుకునే ఏదో చెబుతోంది. బండని ఇనుప గడతో తొలగించగానే తెలివి తప్పింది.

రాజోలులో అరగంట అన్నది ఏడు గంటలయింది. పడవవాళ్ళు అన్నాలు కూడా అక్కడే తిని, ఇంకోటి ఇంకోటి అని అడిగి, చప్పట్లు కొట్టి వెళ్ళారు. అబ్బులు పెళ్ళికొడుకులా వెలిగిపోతూ చెవి వెనక నొక్కి బదులు తీసేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా తాయారూ, విడిదిలో టీ తాగేశావా?"

అవతల గాలి చప్పుడు. ఎవరో ఆడమనిషి హిందీలో అరుస్తోంది. లాకు మీద పడవలవాళ్ళతో అబ్బులు నేర్చుకున్న హిందీ దానికి సరిపోయింది.

"నువ్వు వింటూనే ఉన్నావా? ఈ అమ్మాయి మాట్లాడుతూనే ఉంది, అయితే నువ్వు విన్నావా?"

ఢిల్లీ దాకా తొమ్మిది గంటల రైలు, అందులో చోటు దొరికేసరికి మూడు రోజులు పట్టింది. బదులు పెట్టినప్పుడు అవతలివాళ్ళు అన్నదంతా ఊకొట్టు దాచి ఉంచుతుంది. దాన్ని చిట్టా అంటారు. జనం ఎప్పుడూ తీసి వినరు. అబ్బులు కిటికీ పక్కన కూర్చుని విన్నాడు. పెళ్ళికాని బండరాయి అన్న మాట దగ్గరే తెలిసిపోయింది అతనికి. సన్నటి గొంతు. ఇంకా నొప్పి తెలియకముందే ఆ గొంతు సన్నగా ఉంది. లేచి నిలబడ్డాడు. మూడు రోజుల కిందటి మాటలకి ఇప్పుడు లేచి ఎక్కడికి పోతాడు? మళ్ళీ కూర్చున్నాడు. కూతురు చెప్పినదంతా విన్నాడు. మధ్య మధ్య తన గొంతు. తన దగ్గు. ప్రతి ఊఁకీ ముందు యంత్రం చిన్నగా, మర్యాదగా 'బదులు' అని చెప్పి మరీ వినిపించింది. చిట్టా వినేవాళ్ళకి ఏది నిజం ఊఁయో తెలియాలి కదా అని కంపెనీవాళ్ళు పెట్టిన సదుపాయం అది. ఎదుటి సీటు ఆయన "ఒంట్లో బాలేదాండీ?" అని అడిగాడు. అడిగిన వెంటనే తన చెవిలో తను ఏదో చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

కొండ కింద ఆసుపత్రిలో తాయారుకి మోకాలి కింద నుంచి ఎడమ కాలు తీసేశారు. అబ్బులు గదిలోకి వెళ్ళేసరికి ఆమె దిండ్లకి ఆనుకుని కూర్చుని, నర్సుతో మాట్లాడుతోంది. నర్సు పేరు జిన్సీ, కేరళ అమ్మాయి, హైదరాబాదులో చదువుకుంది గనక తెలుగు వచ్చు.

"అదిగో మా నాన్న," అంది తాయారు. పెదవులు పగిలి ఉన్నాయి. "చెప్పానే, ఏడు గంటలు కుర్చీలోంచి లేవలేదు. డాక్టరుగారు అన్నారు కదా, మాట్లాడుతూ ఉండబట్టే బతికావని. వినేవాడుంటేనే కదండీ మాట్లాడేది!"

"మంచి నాన్నగారు," అని జిన్సీ మందుల పళ్ళెం తీసుకుని వెళ్ళింది.

తలుపు మూసుకున్నాక గది మారిపోయింది. అబ్బులు మంచం పక్క నిలబడ్డాడు. దుప్పటి కింద ఒక కాలు పొడుగ్గా కనపడుతోంది, రెండోది సగంలో పల్లమైపోయింది. రైల్లో అనుకున్న మాటలన్నీ వరసగా ఉన్నాయి అతని దగ్గర. అమ్మా, నేను లేను. పడవ వచ్చింది. నన్ను కొట్టు, తిట్టు.

"కేక ఎందుకు పంపలేదు నాన్నా?"

అతను నోరు తెరిచాడు.

"ఆగు. ముందు ఒకటి చెప్పు," అంది ఆమె. దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. "నాలుగు రోజులుగా ఇదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. అది బదులు కాదు కదా? నువ్వే కదా? నేను రెండుసార్లు వదిలేద్దామనుకున్నాను నాన్నా. హాయిగానే ఉంటుంది, తెలుసా, అలా వదిలేస్తే. నువ్వు దగ్గావు. అయ్యో నాన్న ఒక్కడే కూచుని ఉన్నాడు అక్కడ, నేను ఆగిపోతే ఎలా అనిపించింది. అది నువ్వు కాదంటే..." ఆమె నవ్వబోయింది. "అది నువ్వు కాదంటే నేనక్కడ ఎవరితో ఉన్నట్టు?"

అబ్బులు జన్మలో కోసిన కోతలన్నీ ఆ క్షణాన అతన్ని వదిలేసిపోయాయి. ఒక్కటీ సాయం రాలేదు. చిన్న మాట ఒకటి దొరికింది.

"నేనేనమ్మా."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎక్కడో బిగబట్టుకున్న ఊపిరి వదిలింది. తర్వాత కళ్ళు తెరిచి అతని వంక చూసింది. ఆ చూపు వేరు.

"అయితే ఎందుకు పంపలేదు?"

"కోత అనుకున్నాను."

"కాలు విరిగిందని చెప్పాను."

"చెప్పావు."

"దారి చెప్పాను. తోపు, వాలు..."

"కోతలో కూడా దారి చెబుతాం కదమ్మా మనం. నమ్మకంగా ఉండాలని."

"నా గొంతు తెలియలేదా నీకు?"

"తెలియలేదు."

"ఏడు గంటలు. ఎవరైనా ఏడు గంటలు కోస్తారా నాన్నా?"

"నేను కోసేవాణ్ణిగా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ బయట ఎవరో మంచు తోస్తున్న పార చప్పుడు.

"అమ్మ సంగతి చెప్పినప్పుడు?"

అబ్బులు మంచం ఇనుప కడ్డీ పట్టుకున్నాడు.

"అప్పుడు కూడా," అన్నాడు.

"ఏడ్చాను నేను."

"బాగా ఏడుస్తోంది, మా పిల్ల నన్ను మించిపోయింది అనుకున్నాను."

తాయారు ముఖంలో ఏదో ఆరిపోయింది. అయినా కూతురి మమకారం ఊరుకోదు, ఇంకొక్కసారి ప్రయత్నం చేసింది. "సరే. చిట్టా నీ దగ్గరుందేమో చూడు. వింటున్నప్పటి మాటలు కూడా కొన్నాళ్ళు ఉంటాయట కదా. పెట్టు. ఇద్దరం విందాం. ఎక్కడ పోల్చుకోవలసిందో నేను చూపిస్తాను. చూపిస్తే నీకు తెలుస్తుంది. తెలిస్తే నాకు..."

అది అతని చెవి వెనకే ఉంది, శనగగింజలో. ఒక్కో ఊఁకీ ముందు ఒక మర్యాదైన మాటతో.

"లేదమ్మా. చెరిపేశాను. ఆ సాయంత్రమే."

"చెరిపేశావా?"

"కోతే కదా అని."

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఏడవలేదు. కాసేపటికి, దారి అడిగినవాళ్ళకి చెప్పినంత మామూలుగా అంది.

"బయటికి వెళ్ళు నాన్నా."

వరండాలో చెక్కబల్ల ఒకటి ఉంది. అబ్బులు దాని మీద కూర్చుని చెవి వెనక నొక్కాడు. చిట్టా చెరపమన్నాడు. చెరిపితే మళ్ళీ రాదనీ, ఇంకెక్కడా నకలు లేదనీ, అలాగే కానివ్వమంటారా అనీ యంత్రం అడిగింది. అతను జవాబు చెప్పకుండా, చివరిసారి వినిపించమన్నాడు. మొదటి నుంచి కాదు. తొమ్మిదేళ్ళదాన్ని, రాత్రి దాకా ఊఁ కొడుతూనే ఉన్నాను అన్న చోట. అంతవరకు విన్నాడు. ఆ తర్వాత తన గొంతు రాబోతుండగా ఆపేశాడు.

చెరిపెయ్యి అన్నాడు.

అదెంతోసేపు పట్టలేదు. అమ్మాయి ఏడు గంటలు చెప్పినది తుడిచిపెట్టడానికి తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. ఆ తర్వాత యంత్రం తీరుబడిగా, ఏదైనా చెప్పుకోవాలనుందా, వింటాను అంది. అబ్బులు దాన్ని చెవి నుంచి పీకి జేబులో పడేశాడు.

పన్నెండు గంటలవుతుండగా జిన్సీ గదిలోంచి బయటికి వచ్చింది. అతన్ని చూసి తటపటాయించింది.

"అంకుల్, తాయారుకి భోజనం పెట్టాను. మీరు... మిమ్మల్ని ఇప్పుడు లోపలికి రావద్దంది."

"తింటోందా?"

"తింటోంది. నాలుగు రోజుల్లో ఇవాళే సరిగ్గా తింటోంది."

"ఏం పెట్టారు?"

"పప్పూ అన్నం. పెరుగు."

అబ్బులు తల ఊపాడు. పక్కకి కాస్త జరిగి, తలుపు సందులోంచి కంచం మీద చెంచా తగిలే చప్పుడు వినపడే చోట కూర్చున్నాడు.